మింగుడుపడని వ్యాధి, దాని సంఖ్య

ఆసుపత్రి నుండి ఇంటికి తిరిగి వచ్చిన రోగి చేతిలో ఒక కాగితం ఉంటుంది. అందులో రోగి పేరు, వయస్సు, జరిగిన చికిత్స, వాడవలసిన మందులు మొదలైనవి వ్రాసి ఉంటాయి. వీటి నడుమ ఏదో ఒక మూలను ఒక అక్షరమూ, కొన్ని అంకెలూ కనబడతాయి. ఉదాహరణకు, ‘కె 22.2’. ఇంటిల్లిపాదీ ఆ కాగితాన్ని శ్రద్ధగా చదువుతారు. ఆ అంకెల దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఇది ఆసుపత్రివారి లెక్కలకు సంబంధించినది కాబోలునని తలచి, చూపును దాటించి వేస్తారు. ఆ తలపులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ నాలుగు గుర్తుల వెనుక మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది. ‘కె 22.2’ అంటే అన్నవాహిక మూసుకుపోయినదని గాని, ఇరుకైపోయినదని గాని అర్థం. ఈ ఒక్క సంఖ్య ఎట్లా పుట్టినదో, అది మనకు ఏమి చెప్పుతున్నదో, ఏమి చెప్పలేకపోతున్నదో ఈ ప్రసంగంలో విచారిద్దాము.

ముందు వ్యాధిని గురించి రెండు మాటలు. అన్నవాహిక గొంతు నుండి జీర్ణాశయానికి దిగే కండరపు గొట్టం. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. మనం మింగిన ముద్ద కేవలం తన బరువు చేత క్రిందికి జారదు. గొట్టపు గోడలోని కండరాలు అలలు అలలుగా ముడుచుకొని దానిని నెట్టుతాయి. అందుచేతనే పడుకొని ఉన్న మనిషి కూడా మింగగలుగుతున్నాడు. ఈ గొట్టం లోపలి పొర ఏ కారణం చేతనైనా పుండై, మానేటప్పుడు గట్టి మచ్చ కట్టిందంటే, ఆ మచ్చ రానురాను ముడుచుకొని దారిని ఇరుకు చేస్తుంది. మొదట గట్టి పదార్థాలు దిగవు. తరువాత మెత్తని అన్నం దిగదు. చివరకు జావకూ, మంచినీళ్లకూ కూడా కరువు వస్తుంది. ఆకలి ఉన్నది, కంచంలో అన్నం ఉన్నది, ముద్ద మాత్రం దిగదు. ఇంతకంటె దైన్యం మరొకటి ఉండబోదు.

ఈ దైన్యానికి దారులు అనేకం. జీర్ణాశయంలోని ఆమ్లం ఏండ్ల తరబడి పైకి ఎగదన్నుతూ ఉంటే అన్నవాహిక పుండై ఇరుకు కావచ్చును. కొందరు శిశువులు ఇరుకైన అన్నవాహికతోనే పుడతారు. కొందరికి కంతి లేచి దారి మూస్తుంది. ఇనుప ధాతువు లోపించి రక్తం క్షీణించిన వారిలో, ముఖ్యంగా స్త్రీలలో, గొట్టం పైభాగాన పలుచని పొర అడ్డంగా ఏర్పడడం కలదు. ఇక పొరపాటున గాని, ప్రాణం మీద విరక్తితో గాని క్షారమో, యాసిడో మింగినవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. బాధ ఒక్కటే, కారణాలు అయిదారు. అట్లాంటప్పుడు రికార్డులో ఈ రోగిని ఏ పేరు క్రింద చేర్చాలి? బాధ ఉన్న చోటును బట్టియా, బాధకు మూలమైన కారణాన్ని బట్టియా? వ్యాధుల వర్గీకరణ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినదని చెప్పితే అతిశయోక్తి కాదు.

ఈ కథ 17వ శతాబ్దపు లండన్ నగరంలో ప్రారంభమవుతుంది. ప్లేగు మహమ్మారి తరచుగా విరుచుకుపడుతున్న ఆ కాలంలో, నగరంలో ఏ వారం ఎందరు ఏ కారణం చేత మరణించినారో తెలిపే పట్టికలను అచ్చువేసి అమ్మేవారు. కారణాన్ని నిర్ణయించేది వైద్యులు కారు. ప్రతి చర్చి పరిధిలోను ఇందుకై నియమితులైన ముదుసలి స్త్రీలు శవాన్ని చూచి, ఇంటివారిని నాలుగు మాటలు అడిగి, తమకు తోచిన పేరు చెప్పేవారు. ఆ పేరే పట్టికకు ఎక్కేది. జాన్ గ్రాంట్ అనే బట్టల దుకాణదారుడు ఈ పట్టికలను అనేక సంవత్సరాలవి పోగుచేసి, కూడి, తీసివేసి, పోల్చి చూచి, 1662లో ఒక గ్రంథం ప్రకటించినాడు. పుట్టిన ప్రతి నూరుమంది బిడ్డలలో సుమారు 36 మంది ఆరేండ్లు నిండకుండానే మరణిస్తున్నారని ఆయన లెక్కకట్టినాడు. చనిపోయిన వారి వయస్సులు వ్రాయని పట్టికల నుండి, కేవలం జబ్బుల పేర్లను బట్టి ఇంత దూరం ఊహించడం సామాన్యమైన విషయం కాదు.

ఆ పట్టికలోని పేర్లను నేడు చూస్తే వింతగా తోస్తుంది. ‘పళ్లు’ అన్నది ఒక మరణ కారణం. పాలపళ్లు వచ్చే ఈడులో పోయిన పసిబిడ్డలందరూ ఆ పద్దులో చేరినారు. అందులోనే ‘జీర్ణాశయం మూసుకుపోవడం’ అనే పద్దు కూడా ఒకటి ఉన్నది. ముద్ద దిగక శుష్కించి మరణించినవారు కొందరైనా ఆ పద్దులో కలిసి ఉండవచ్చును. మరి కొందరు ‘క్షయ’ అనే పద్దులోను, ఇంకా కొందరు ‘వృద్ధాప్యం’ అనే పద్దులోను కలిసి ఉండవచ్చును. వారిని ఇప్పుడు వేరు చేసి చూపగల శక్తి ఎవరికీ లేదు. గ్రాంట్ ఈ చిక్కును గ్రహించనివాడు కాడు. పిల్లల ఎముకలు మెత్తబడే ‘రికెట్స్’ అనే వ్యాధి పేరు 1634కు ముందు పట్టికలలో కనబడదని గమనించి, వ్యాధి అప్పుడు పుట్టినదా, లేక ముందు నుండి ఉన్న వ్యాధికి అప్పుడు పేరు పుట్టినదా అని ఆయన ప్రశ్నించినాడు. ఎంత విలువైన ప్రశ్న! పేరు లేని వ్యాధి లెక్కకు రాదు. లెక్కకు రానిది లేనట్టే లోకం భావిస్తుంది.

18వ శతాబ్దంలో పండితులు చెట్లనూ, జంతువులనూ కుటుంబాలుగా, జాతులుగా విభజించడం నేర్చినారు. ఆ పద్ధతినే రోగాలకు వర్తింపజేసినవారు ఫ్రాన్సు దేశంలో సోవాజ్, స్వీడన్‌లో లిన్నేయస్, స్కాట్లండ్‌లో విలియం కల్లెన్. సోవాజ్ గ్రంథంలో వ్యాధులు పది తరగతులుగాను, వాటి క్రింద సుమారు 2,400 జాతులుగాను విభజింపబడినవి. పాండిత్యం అపారమే కాని, పైకి కనబడే లక్షణమే వారికి ఆధారం. దగ్గు ఒక వ్యాధి, జ్వరం ఒక వ్యాధి, మింగలేకపోవడం ఒక వ్యాధి. లోపల ఏ అవయవం ఎందువల్ల చెడినదో ఆనాటికి చూచే సాధనం లేదు.

ఈ అయోమయంలో ఒక క్రమాన్ని ప్రవేశపెట్టిన మహనీయుడు విలియం ఫార్. ఇంగ్లండులో జనన మరణాల నమోదు 1837లో ప్రారంభమైనది. కొద్ది కాలానికే ఆ కార్యాలయంలో ఫార్ చేరి, నాలుగు దశాబ్దాల పాటు మరణాల లెక్కలను చూచినాడు. 1839లో వెలువడిన మొదటి వార్షిక నివేదికలోనే ఆయన ఉన్న లోపాలను ఎత్తిచూపినాడు. ఒకే వ్యాధిని మూడు నాలుగు పేర్లతో వ్యవహరిస్తున్నారు. ఒకే పేరును మూడు నాలుగు వ్యాధులకు వాడుతున్నారు. అస్పష్టమైన మాటలతో సరిపుచ్చుతున్నారు. అసలు వ్యాధిని విడిచిపెట్టి, దాని వలన వచ్చిన ఉపద్రవాన్ని నమోదు చేస్తున్నారు. భౌతిక శాస్త్రాలకు తూనికలు, కొలతలు ఎంత అవసరమో, ఈ శాస్త్రానికి పేర్ల నియమం అంత అవసరమని ఆయన వాదన. అంగడిలో ఒక్కొక్కరు ఒక్కొక్క మానికతో కొలిస్తే బేరం ఏమవుతుంది?

1853లో బ్రస్సెల్స్ నగరంలో మొదటి అంతర్జాతీయ గణాంక మహాసభ జరిగినది. అన్ని దేశాలకూ పనికివచ్చే మరణ కారణాల పట్టికను తయారు చేయవలసినదని ఆ సభ ఫార్‌నూ, జెనీవా నగరానికి చెందిన మార్క్ దెస్పీన్ అనే వైద్యుడినీ కోరినది. ఇద్దరూ రెండు దారులు పట్టినారు. అంటువ్యాధులు, శరీరతత్త్వానికి సంబంధించినవి, ఒక్కొక్క అవయవానికి పరిమితమైనవి, పెరుగుదలకు సంబంధించినవి, దెబ్బల వల్ల కలిగినవి అని ఫార్ అయిదు భాగాలు చేసినాడు. వ్యాధి స్వభావాన్ని బట్టి విభజించవలెనని దెస్పీన్ పట్టు. 1855లో పారిస్ సభ ఇద్దరినీ సమాధానపరచి 139 శీర్షికల పట్టికను ఆమోదించినది. సమాధానమే గాని, పట్టిక అందరి మన్ననను పొందలేదు. అయినా ఫార్ వేసిన పునాది మాత్రం నిలిచినది. అవయవాన్ని బట్టి వ్యాధిని గుర్తించే ఆయన సూత్రం నేటికీ అంతర్జాతీయ పట్టికకు వెన్నెముక. అన్నవాహికకు ఒక చోటు ఏర్పడినదంటే ఆ సూత్రం వల్లనే.

తరువాతి అధ్యాయం జాక్ బెర్తియాన్‌ది. పారిస్ నగర గణాంక శాఖకు అధిపతి ఆయన. 1853 నాటి బ్రస్సెల్స్ సభలో ఏకరూపమైన పట్టిక కావలెనని తీర్మానం ప్రతిపాదించిన అషీల్ గ్యార్ ఆయనకు మాతామహుడు. తాత అడిగిన పనిని మనుమడు నలభై ఏండ్లకు నెరవేర్చినాడు. 1893లో అమెరికాలోని చికాగో నగరంలో బెర్తియాన్ తన పట్టికను సమర్పించినాడు. 1898లో అమెరికా ప్రజారోగ్య సంఘంవారు ఒట్టావాలో సమావేశమై, ఈ పట్టికను స్వీకరించవలెననీ, పదేండ్లకొకసారి సవరించవలెననీ సూచించినారు. 1900లో పారిస్‌లో 26 దేశాల ప్రతినిధులు కూడి మొదటి సవరణను ఆమోదించినారు. 179 వర్గాలతో ఒక విపుల పట్టిక, 35 వర్గాలతో ఒక సంగ్రహ పట్టిక ఆనాడు సిద్ధమైనవి. అటు తరువాత 1909, 1920, 1929, 1938 సంవత్సరాలలో సవరణలు జరిగినవి.

ఇవన్నీ మరణాల పట్టికలు. బ్రతికి బాధపడుతున్న వారి మాట ఏమిటి? వైద్యుడు అన్నవాహికలోనికి ఎట్లా తొంగి చూచినాడో ఇక్కడ కొంచెం చెప్పవలసి ఉన్నది. 1674లో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు ఒక వింత రోగిని గురించి వ్రాసినాడు. ఆ మనిషి తిన్నది జీర్ణాశయంలోనికి దిగక, గొట్టం చివర ఆగిపోయేది. విల్లిస్ తిమింగిలపు ఎముకతో ఒక కడ్డీ చేయించి, దాని కొనకు స్పంజి ముక్క కట్టి ఇచ్చినాడు. ఆ రోగి ప్రతి భోజనంలోను ఆ కడ్డీతో అన్నాన్ని తానే క్రిందికి నెట్టుకొంటూ సుమారు పదునైదు సంవత్సరాలు బ్రతికినాడు. ఆ రోగిది మచ్చ వల్ల కలిగిన ఇరుకు కాదు. గొట్టం చివరి కండరం సడలకపోవడం. ఆ భేదం తెలియడానికి లోపలికి చూడగల సాధనం కావలసి వచ్చినది. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే వైద్యుడు, గారడీవాడొకడు కత్తిని మింగడం గమనించి, వానిచేతనే నిలువు గొట్టాన్ని మింగించి, లోపలికి చూచినాడు. కత్తి దిగినప్పుడు గొట్టం మాత్రం ఎందుకు దిగదన్నదే ఆయన తర్కం.

ఈ సాధనాన్ని రోగుల మేలుకై తీర్చిదిద్దినవారిలో చెవాలియర్ జాక్సన్ అగ్రగణ్యుడు. ఆయన 1865లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ సమీపాన జన్మించి, 1958లో కాలధర్మం చెందినాడు. పిల్లలు పొరపాటున మింగిన గుండీలు, సూదులు, నాణేలు మొదలైన వస్తువులను 2,000కు పైగా ఆయన బయటికి తీసినాడు. అవి ఈనాటికీ ఫిలడెల్ఫియా నగరంలోని మ్యూటర్ ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నవి. ఆయన హృదయాన్ని కలచివేసినవి మాత్రం వేరు. ఆనాడు అమెరికా ఇండ్లలో సబ్బు కాచుకొనడానికీ, మురికి వదలించడానికీ గాఢ క్షారం వాడేవారు. అది డబ్బాలలో, చూపుకు పంచదార వలె తెల్లగా ఉండేది. అది ప్రాణాంతకమని డబ్బా మీద హెచ్చరిక సరిగా ఉండేది కాదు. పసివాడు తీపి అనుకొని నోట్లో వేసుకొనేవాడు. క్షారం అన్నవాహిక గోడను కరిగిస్తూ లోతుకు పోతుంది. బిడ్డ ఆ పూటకు బ్రతికినా, కొన్ని వారాలకు పుండు మచ్చగా మారి, దారి ఇరుకవుతుంది. ఆకలి చావు అప్పుడు మెల్లగా మొదలవుతుంది.

జాక్సన్ తన ఆత్మకథలో ఒక ఏడేండ్ల బాలికను గురించి వ్రాసినాడు. ఆమె వచ్చేనాటికి మంచినీటి చుక్క కూడా గొంతు దిగడం లేదు. ఆయన గొట్టం దించి చూచి, ఇరుకైన చోట చిక్కుకొనిపోయిన పదార్థాన్ని మెల్లగా తీసివేసినాడు. తరువాత గ్లాసుతో నీళ్లు ఇచ్చినారు. ఆ పాప ఎప్పటి వలెనే పొలమారుతుందని భయపడుతూ ఒక గుక్క త్రాగినది. అది దిగినది. మరొక గుక్క త్రాగినది. అదీ దిగినది. అప్పుడు గ్లాసును ప్రక్కకు నెట్టి, ఆ వైద్యుని చేతిని అందుకొని ముద్దు పెట్టుకొన్నది. మాటలకు అందని కృతజ్ఞత అంటే ఇదే కదా!

వైద్యునిగా జాక్సన్ ఇక్కడితో ఆగి ఉండవచ్చును. కాని, ఎన్ని గొంతులు బాగుచేసినా డబ్బాలు బజారులో ఉన్నంతకాలం కొత్త గొంతులు కాలుతూనే ఉంటాయని ఆయన గ్రహించినాడు. వ్యాధి ఆసుపత్రిలో కనబడుతున్నది. దాని కారణం వంట ఇంటి అలమరలో ఉన్నది. తన రోగుల వృత్తాంతాలను చేతపట్టుకొని, వైద్య సంఘాన్ని తోడు చేసుకొని, ఆయన ఏండ్ల తరబడి చట్టసభల చుట్టూ తిరిగినాడు. చివరకు 1927 మార్చి 4న అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకంతో క్షార విషాల చట్టం అమలుకు వచ్చినది. పన్నెండు రకాల దాహక ద్రవ్యాల డబ్బాల మీద ‘విషం’ అని స్పష్టంగా ముద్రించవలెననీ, ప్రమాదం జరిగితే చేయవలసిన చికిత్స కూడా తెలుపవలెననీ ఆ చట్టం శాసించినది. ఒక వైద్యుడు ‘ఇరుకు’ అనే మాటతో తృప్తిపడక, ‘ఎందువల్ల’ అని అడిగినందుకు ఫలితం అది.

ఫార్ ఆశించినదీ, జాక్సన్ చేసి చూపినదీ 1948లో ఒక అంతర్జాతీయ నియమంగా రూపొందినవి. ఆ సంవత్సరం కొత్తగా ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికను తన బాధ్యతగా స్వీకరించి, ఆరవ సవరణను ప్రకటించినది. మరణాలతో పాటు, మరణానికి దారితీయని వ్యాధులకు కూడా ఒకే పట్టిక ఆనాడు ఏర్పడినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మరణ ధ్రువపత్రంలో వైద్యుడు ఒక్క కారణం వ్రాసి ఊరుకొనక, గొలుసును వ్రాయవలెను. మొదటి వరుసలో మరణానికి సూటిగా కారణమైనది; దాని క్రింద, అది దేనివల్ల వచ్చినదో; అన్నింటికీ అడుగున, మొట్టమొదట ఈ వరుసను ప్రారంభించినది. లెక్కకు తీసుకొనవలసినది ఆ అడుగున ఉన్న మూలకారణాన్ని. ఒక ఉదాహరణ చూద్దాము. అన్నవాహిక ఇరుకై, మింగినది శ్వాసనాళంలోనికి పోయి, ఊపిరితిత్తులు చెడి ఒక మనిషి మరణించినాడు. మొదటి వరుసలో న్యుమోనియా. రెండవ వరుసలో అన్నవాహిక ఇరుకు. మూడవ వరుసలో పొరపాటున క్షారం మింగడం. మూడవ వరుసను ఖాళీగా వదలితే, మనిషి ఏ ప్రమాదం వల్ల పోయినాడో లోకానికి తెలియదు.

అన్నవాహిక ఇరుకుకు సంఖ్య కూడా సవరణకొక తీరున మారినది. 1975 నాటి తొమ్మిదవ సవరణలో దాని సంఖ్య 530.3. అంకెలు మాత్రమే ఉన్న ఆ పద్ధతిలో చోటు చాలక, 1990లో ఆమోదం పొంది 1994 నుండి వాడుకకు వచ్చిన పదవ సవరణలో, ప్రతి సంఖ్యకు ముందు ఒక అక్షరం చేర్చినారు. ‘కె’ అన్నది జీర్ణమండలానికి గుర్తు. ‘22’ అన్నవాహికకు చెందిన ఇతర వ్యాధులకు. చుక్క తరువాతి ‘2’ ఇరుకుకు, మూసుకుపోవడానికి. అది ఊరు, వీధి, ఇంటి నంబరు వంటిదన్నమాట.

అయితే అన్నవాహిక ఇరుకైన వారందరూ ఈ ఇంటిలోనే కాపురం ఉండరు. పుట్టుకతో వచ్చిన ఇరుకు ‘క్యూ 39.3’. చివరి కండరం సడలక కలిగినది, అంటే విల్లిస్ రోగి వంటి వారిది, ‘కె 22.0’. కంతి అయితే ‘సి 15’. రక్తహీనతతో కలిసి వచ్చే మింగలేని జబ్బు, జీర్ణమండలాన్ని విడిచి రక్తవ్యాధుల అధ్యాయంలో ‘డి 50.1’గా ఉన్నది. దాహక ద్రవ్యం వల్ల అన్నవాహిక అప్పుడే కాలి ఉంటే ‘టి 28.6’. ఇదంతా కేవలం అంకెల విలాసం కాదు. ఒక్కొక్క సంఖ్యకు చికిత్స వేరు, నివారణ వేరు. రక్తహీనతను పోగొట్టవలసిన చోట గొట్టాన్ని వెడల్పు చేసి పంపితే అది సగం వైద్యం. కంతిని ‘ఇరుకు’ అని వ్రాసి పంపితే అది వైద్యమే కాదు.

ఇక ‘కె 22.2’ చెప్పలేని మాట ఏమిటో చూద్దాము. ఆమ్లం ఎగదన్ని ఏండ్లకు ఇరుకైన వృద్ధుడు, ఎప్పుడో యాసిడ్ తాగి ఇరుకైన యువతి ఇద్దరూ ఈ సంఖ్య క్రిందనే చేరవచ్చును. ఆ ప్రమాదాన్ని తెలుపడానికి వేరే సంఖ్య ఉన్నది: ‘ఎక్స్ 49’. కాని ఆ ఒక్క సంఖ్యలో గాఢ ఆమ్లాలు, క్షారాలతో పాటు జిగురులు, రంగులు, విషపు మొక్కలు, సబ్బులు కూడా కలిసి ఉన్నవి. కావున ఆ సంఖ్యను ఎన్నిసార్లు కూడినా, యాసిడ్ సీసా వల్ల ఎందరు చెడినారో తేలదు. వైద్యుడు తన స్వహస్తంతో ఆ మాట వ్రాస్తేనే తేలుతుంది.

మన దేశంలో ఈ లెక్కల చరిత్ర ఎట్లా నడిచినది? మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదుకు 1899లో ఒక చట్టం వచ్చినది. గ్రామాలలో గ్రామాధికారియే ఆ పని చేసేవాడు. ఆయన వైద్యం చదివినవాడు కాడు. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, శ్వాసరోగాలు, దెబ్బలు, తక్కినవి అనే కొద్దిపాటి పద్దులలో ఊరివారి చావులన్నీ ఇమిడిపోయేవి. వాటిలో పెద్ద పద్దులలో ఒకటి ‘జ్వరాలు’. ముద్ద దిగక మరణించిన మన తాతముత్తాతలు ‘తక్కినవి’ అనే పద్దులో కలిసిపోయినారు. లండన్ పట్టికలోని ముదుసలులను చూచి నవ్వే ముందు, ఈ సంగతి మనం గుర్తుంచుకొనడం మంచిది.

స్వతంత్ర భారతంలో 1969లో జనన మరణాల నమోదు చట్టం వచ్చినది. మరణ కారణాన్ని వైద్యుడు ధ్రువపరచే పద్ధతికి అది ఆధారం కల్పించినది. గొలుసుగా వ్రాసే అంతర్జాతీయ నమూనానే మనవారు అనుసరిస్తున్నారు. కాని 2020 సంవత్సరంలో దేశంలో నమోదైన మరణాలలో, కారణం వైద్యపరంగా ధ్రువపడినవి 22.5 శాతం మాత్రమే. అంటే, ప్రతి నూరింటిలోను డెబ్బదియేడు మరణాలకు కారణం వైద్యుని వ్రాత ద్వారా లెక్కకు ఎక్కలేదు. 2023లో చట్టాన్ని సవరించి, వైద్య సంస్థలు కారణ ధ్రువపత్రాన్ని రిజిస్ట్రారుకు పంపవలెననీ, దాని ప్రతిని మృతుని దగ్గరి బంధువుకు ఇవ్వవలెననీ నిర్ణయించినారు. ఇంటివారి చేతికి ఆ కాగితం వస్తుందన్నమాట. దానిని చదవడం, అర్థం చేసుకొనడం ఇకమీదట పౌరధర్మంలో ఒక భాగం.

పదకొండవ సవరణ 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1న అమలులోకి వచ్చినది. ఒక సంఖ్యకు మరొక సంఖ్యను కూర్చి, వ్యాధినీ, దాని కారణాన్నీ ఒక్కచోట ముడివేసి వ్రాసే సౌకర్యం అందులో విస్తరించినది. ఫార్ చూపిన ‘ఎక్కడ’, దెస్పీన్ కోరిన ‘ఎట్టిది’, జాక్సన్ అడిగిన ‘ఎందువల్ల’ మూడూ ఒక పంక్తిలో కూడే అవకాశం ఇన్నాళ్లకు కలిగినది. కాని సాధనం ఎంత గొప్పదైనా వ్రాసే చేతిని బట్టి దాని ఫలం. ఇందులో ఒక ప్రమాదం కూడా లేకపోలేదు. 1983 నుండి అమెరికాలో వృద్ధుల ఆరోగ్య పథకం ఆసుపత్రులకు వ్యాధి వర్గాన్ని బట్టి సొమ్ము చెల్లించడం ప్రారంభించినది. అప్పటి నుండి సంఖ్య వైద్యుని పట్టికతో పాటు గుమాస్తా పద్దు పుస్తకంలోనికి కూడా ప్రవేశించినది. సొమ్ము తెచ్చిపెట్టే సంఖ్య మీద చూపు నిలిచి, నిజం చెప్పే సంఖ్య మరుగున పడితే, మూడున్నర శతాబ్దాల శ్రమ వృథా అవుతుంది.

ఇంతవరకు లండన్, పారిస్, చికాగో తిరిగి వచ్చినాము. ఇక మన ఇంటి పెరటికి వద్దాము. మన ఇండ్లలో నేల, మరుగుదొడ్డి కడగడానికి వాడే యాసిడ్‌ను ఖాళీ అయిన నీళ్ల సీసాలోనో, చల్లని పానీయపు సీసాలోనో పోసి ఉంచే అలవాటు ఉన్నది. పంచదార వలె కనబడిన క్షారపు డబ్బాకూ దీనికీ భేదం ఏమిటి? 1927లో ఒక దేశం చట్టం చేసి నేర్చుకొన్న పాఠాన్ని మనం మన అలమరలో ఈ పూటనే అమలుపరచవచ్చును. యాసిడ్‌ను దాని సీసాలోనే, పేరు కనబడేటట్టు, పిల్లలకు అందని చోట ఉంచవలెను. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించరాదు. లోపలికి పోతూ కాల్చినది పైకి వస్తూ మరల కాల్చుతుంది. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఏది మింగినారో తెలిపేందుకు ఆ సీసాను వెంట తీసుకొనిపోవడం మరువరాదు.

మరొక విన్నపం. వైద్యుడు కాగితం ఇచ్చినప్పుడు, అందులోని అంకెలకు అర్థం ఏమిటని వినయంగా అడగండి. “అయ్యా, కారణం కూడా వ్రాసినారా?” అని ఒక్క మాట తోడు చేయండి. ఆ మాట వల్ల మన రోగికి వెంటనే ఒరిగేది స్వల్పమే కావచ్చును. కాని ఎక్కడో ఒక పట్టికలో ఒక ఖాళీ గడి నిండుతుంది. అట్టి గడులు వేలకొలది నిండిన నాడు, ఏ సీసా మీద ఏ హెచ్చరిక వ్రాయవలెనో ప్రభుత్వానికి తెలుస్తుంది. మరొక ఊరిలో, మనం ఎన్నడూ చూడబోని ఒక పసిబిడ్డ నిశ్చింతగా ఒక గ్లాసు మంచినీళ్లు త్రాగగలుగుతుంది.